పాత వైరు పెట్టొచ్చా?

మౌలాలికి ఒక మాట గొంతులో ఇరుక్కుంది. బయటికి చెబితే పరువు పోతుంది. మింగుదామంటే దిగడం లేదు.

ఫకీరప్ప తాత దగ్గరికి శిష్యుడిగా రాకముందు అతను రాయచోటిలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేవాడు. ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి దాని జబ్బు చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆ పని మీద విసుగు పుట్టింది. మనసుకు ఇంకేదో కావాలనిపించి, ఊరి బయట కొండ కింద ఉన్న తాత ఆస్తానాకు వచ్చేశాడు.

ఆస్తానా అంటే ఫకీరు ఉండే చోటు, పెద్దదేమీ కాదు. తాత ఉండే రాతి గది, పక్కన వంట కొట్టం, ముందు రేకుల పంచ. శుక్రవారం నమాజు అయ్యాక ఆ పంచ కింద జనం కూర్చుంటారు. కష్టం ఉన్నవాళ్లు చెప్పుకుంటారు. తాత వింటాడు. తర్వాత అందరికీ అన్నం పెడతారు. మిగతా రోజుల్లోనూ వచ్చినవాళ్లకు అన్నం ఉంటుంది.

మౌలాలి షాపు వదిలినా, షాపు పేరు అతన్ని వదల్లేదు. తాత దువా చేసి దీవిస్తాడని వచ్చినవాళ్లు పోయేటప్పుడు ఫోను తీసి అతని చేతిలో పెట్టేవాళ్లు. పెద్ద వయసువాళ్లు కూడా అతను చెప్పేది చేతులు కట్టుకుని వినేవాళ్లు. అది అతనికి బాగుండేది.

కిందటి శుక్రవారం ఖైరూన్ వచ్చింది.

ఖైరూన్‌ది కొండ కింది ఆ ఊరే. అమ్మానాన్నలు లేని ఆమెను అక్క జైనబీ పెంచి, పెళ్లి చేసి, ఆ తర్వాత కువైట్‌లో ఇంటిపనికి పోయింది. ఏళ్లు గడిచాయి. ఈమధ్య అక్కడ మెట్ల మీద జారిపడి జైనబీ కాలు దెబ్బతింది. ఇక పని చేయలేనని, ఇంటికి పంపమని యజమానులను అడిగింది. "టికెట్టు ఎప్పుడు చేతికిస్తారో తెలీదు. ఇచ్చిన దినం ఫోన్ చేస్తా. ఈ కాలుతో ఒక్కదాన్నే రాలేను, విమానం దిగే కాడికి రాండి" అని చెల్లెలికి చెప్పింది. చెల్లెలి ఫోను అద్దం పగిలి మాటిమాటికీ ఆగిపోతోందని, ఊరికొస్తున్న ఒకామె చేతికిచ్చి కొత్త ఫోను కూడా పంపింది.

డబ్బాలో ఫోను ఉంది, వైరు ఉంది. గోడకు పెట్టే చార్జరు లేదు. ఆ వైరుకు రెండువైపులా సన్నటి మూతి. ఖైరూన్ ఇంట్లో ఉన్న చార్జరుకు వెడల్పు రంధ్రం. రెండూ కలవలేదు. పాత ఫోను వైరు మాత్రం ఒకవైపు చార్జరుకు, ఇంకోవైపు కొత్త ఫోనుకు సరిగ్గా సరిపోయింది. సరిపోయింది గానీ, పెట్టడానికి ఆమెకు చేయి రాలేదు. అక్క చెమటోడ్చి కొన్న ఫోను.

అందుకని పంచ కింద అందరూ ఉండగా అడిగింది. "మౌలాలన్నా, కొత్త ఫోనుకు పాత వైరు పెట్టొచ్చా?"

"పెట్టినావంటే కాలిపోతాది" అన్నాడు మౌలాలి గొంతు పెంచి. "కొత్త ఫోనుకు పాత వైరేందమ్మా? పక్కింటోళ్లది కూడా పెట్టొద్దు. కంపెనీ చార్జరు నేను తెప్పిస్తా. అంతవరకు ముట్టుకోవద్దు."

విన్నవాళ్లు తలలూపారు. ఒకాయన తన ఫోను తీసి భయంభయంగా చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

షాపులో ఉన్నన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ మౌలాలి అదే చెప్పాడు. షాపు యజమాని నేర్పిన మాట అది. నిజమో కాదో అతను ఎప్పుడూ పెట్టి చూడలేదు.

వారం తిరక్కుండానే ఖైరూన్ ఫోనులో ఉన్న చార్జింగు అయిపోయింది. ఫోను నల్లగా పడుకుంది. కంపెనీ చార్జరు ఇంకా రాలేదు.

బుధవారం పొద్దున మౌలాలి నిప్పు కోసం వంట కొట్టంలోకి వెళ్లాడు. ఆస్తానా ఫోను అక్కడ గూట్లో చార్జింగుకు పెట్టి ఉంది. అదీ కొత్తదే, ఎవరో భక్తుడు ఇచ్చింది. మౌలాలి కళ్లు ఫోను మీద నుంచి వైరు మీదికి వెళ్లాయి. అది ఆ ఫోను వైరు కాదు. అంతకుముందున్న ఫోనుది, మాసిపోయిన తెల్ల వైరు.

"ఇదేందక్కా?" అన్నాడు వంట చేస్తున్న పీరమ్మతో.

"కొత్త వైరు ఎలుక కొరికేసింది నాయనా. పాతది పెడతాండా."

"ఎప్పట్నుంచి?"

"రంజాను ముందట్నుంచి. ఏం, ఎక్కలేదా?"

మౌలాలి వైరు పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. ఫోను వెనక్కి తిప్పి చూశాడు. అదీ అంతే. వేగంగా ఎక్కుతున్నట్టు చూపే గుర్తు అద్దం మీద లేదు గానీ, ఎక్కుతోంది. రంజాను ముందు నుంచి ఎక్కుతూనే ఉంది.

ఆ వైరు ఇంకా చేతిలో ఉండగానే బయట ఖైరూన్ గొంతు వినిపించింది.

"అన్నా, చార్జరు వచ్చినాదా?"

మౌలాలి బయటికి వచ్చాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అక్క ఈపాటికి ఫోన్ చేసే ఉంటాదన్నా. పాత ఫోను అసలు లేవడం లేదు. సిమ్ము తీసి పక్కింటోళ్ల ఫోనులో వేసి చూసి మళ్లీ పెట్టేసినాం. అక్క చేసేది వాట్సాపులో. అందులో ఏం రాలేదు. నాకు భయమేస్తాండాది."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. పంచ కింద అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో కిందటి శుక్రవారం తలూపినవాళ్లు ఉన్నారు.

"రేపొస్తాదిలేమ్మా" అన్నాడు మౌలాలి.

ఆమె వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు ఇరుక్కుంది ఆ మాట.

మౌలాలి రాతి గదిలోకి వెళ్లి తాత ముందు కూర్చున్నాడు. తాతకు జలుబు చేసింది. దుప్పటి కప్పుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు.

"తాతా, ఒకటడగాల."

"అడుగు."

"మన మాట మీద జనానికి నమ్మకం ఉంది. ఒకసారి చెప్పిన మాటను మనమే మార్చుకుంటే, ఇంక ఆ మాటకు విలువుంటాదా?"

తాత అతని ముఖంలోకి చూశాడు. ఏ మాట, ఎవరితో అన్నావు అని అడగలేదు.

"ఆకలిగా ఉండాది. తిందాం పద" అన్నాడు.

పంచ కింద అందరూ బంతికి కూర్చున్నారు. దూరం నుంచి వచ్చినవాళ్లు కొందరు, ఊరివాళ్లు కొందరు. పీరమ్మ సంగటి, పప్పు తెచ్చి ముందు తాతకు వడ్డించింది. తాత ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"పీరమ్మా, పప్పులో ఉప్పు వెయ్యలేదే."

"వేసినా తాతా."

"లేదమ్మా. చూసుకుని వడ్డించాల గదా. వెయ్యి."

పీరమ్మ ముఖం చిన్నబోయింది. గిన్నెలో గుప్పెడు ఉప్పు వేసి కలిపి అందరికీ వడ్డించింది.

జనం తినడం మొదలుపెట్టారు.  ఒకాయన పప్పు ఇంత అంటించుకుని సంగటి అంత తింటున్నాడు. ఇంకొకాయన గ్లాసుడు నీళ్లు ఒక్క గుక్కలో తాగేశాడు. "బాగుండాది" అన్నాడు మూడో ఆయన, ఎవరూ అడక్కుండానే. మౌలాలి కూడా ఒక ముద్ద మింగి తల వంచుకున్నాడు.

తాత తన పక్కన కూర్చున్నవాళ్ల ముఖాలు చూశాడు. చూసి చేయి ఆపాడు. పళ్లెం పట్టుకుని, మోకాలు మీద చేయి ఆనించి లేచి, వంట కొట్టం గుమ్మం దాకా నడిచాడు.

"పీరమ్మా."

ఆమె బయటికి వచ్చింది.

"ఉప్పు నువ్వు సరిగ్గానే వేసినావు. జలుబుతో నా నాలుకకే రుచి తెలియలేదు. తప్పు నాది."

ఆ మాట పంచ చివరిదాకా వినిపించింది. పీరమ్మ కంగారుపడి కొంగు సర్దుకుంది. "అయ్యో, దానికేం తాతా? ఇంత చిన్నదానికి లేచొచ్చి చెప్పాల్నా? పిలిచి చెవిలో చెప్పుంటే పోయేది గదా."

"నిన్ను అందరి ముందర అన్నా గదమ్మా" అన్నాడు తాత.

తర్వాత పొయ్యి దగ్గర పీట లాక్కుని కూర్చున్నాడు. "ఇంకింత పప్పు ఉప్పు లేకుండా ఉడకబెట్టి ఇందులో కలుపు. కట్టెలు నేను ఎగదోస్తా. వాళ్లు నీళ్లు తాగి కడుపు నింపుకుంటాండారు."

బంతిలో ఎవరో నవ్వారు. ఆ వెంటనే అందరూ నవ్వారు. "తాతా, ఇంకో ముద్ద తినుంటే మేం పోయేవాళ్లం" అన్నాడు నీళ్లు తాగినాయన. తాత కూడా దగ్గుతూ నవ్వాడు.

మౌలాలి నవ్వలేదు. అతని చేయి పళ్లెంలోనే ఉంది. కాసేపటికి లేచి చేయి కడుక్కుని, గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తాతా, నేను ఊళ్లోకి పోయొస్తా."

"తిని పో."

"వచ్చినాక తింటా."

తాత పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "సరే" అన్నాడు.

ఖైరూన్ ఇంటి ముందు వీధి ఆడవాళ్లంతా కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ఆమె మొగుడు రహంతు ఆటో తుడుస్తున్నాడు. మౌలాలిని చూడగానే ఖైరూన్ లేచి నిలబడింది. "వచ్చినాదా అన్నా?"

"రాలేదు." మౌలాలి నడుచుకుంటూ రావడం వల్ల రొప్పుతున్నాడు. ఒక్క క్షణం ఆగి, వీధి మొత్తానికీ వినిపించేలా చెప్పాడు. "పాత వైరు పెడితే ఫోను కాలిపోతాదని నేను చెప్పింది తప్పు. వైరు బాగుంటే పెట్టొచ్చు. నెమ్మదిగా ఎక్కుతాది, అంతే. నేను తెలుసుకోకుండా చెప్పినా."

చింతపండు మీద చేతులు ఆగాయి.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది ఖైరూన్.

"ఈ పొద్దున."

"నేను వచ్చినప్పుడు తెలుసా?"

"తెలుసు."

 రహంతు చేతిలో గుడ్డ పక్కన పెట్టి ముందుకు వచ్చాడు. ఖైరూన్ అతన్ని చేత్తో ఆపి, లోపలికి వెళ్లి, ఫోనూ, ఒక చిన్న గుడ్డసంచీ తెచ్చింది. సంచిలోంచి వైర్లు మౌలాలి ముందు పోసింది. "ఏది పెట్టాల్నో నువ్వే చూడు. ఈసారి చూసి చెప్పు."

మౌలాలి అక్కడే గడప మీద కూర్చున్నాడు. మొదటి వైరు మూతి వేరే తీరుగా ఉంది. ఫోనులో దూరదు, పక్కన పెట్టాడు. రెండోదానికి మధ్యలో టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే లోపల రాగి బయటపడింది. "ఇది కాలుస్తాది. పారెయ్యండి" అని దూరంగా విసిరాడు. మూడోది, పగిలిన ఫోనుకు వాడినది, మాసిపోయి ఉంది. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్ల మధ్య నడిపించాడు. ఎక్కడా చిట్లలేదు. మూతులు వెలుగులో పెట్టి చూశాడు. నల్లబడలేదు, వంగలేదు. పమిట చెంగుతో తుడవబోయిన ఒకావిడను ఆపి, తనే ఊది దుమ్ము పోగొట్టాడు.

"ఇది బాగుండాది."

పాత చార్జరు గోడకు పెట్టి, దానికి వైరు పెట్టి, చివర ఫోను తగిలించాడు.

ఏమీ కాలేదు. ఫోను నల్లగానే ఉంది.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "కరెంటు ఉండాదా?" అని ఒకామె. "ఉండాది, లైటు వెలుగుతాండాది" అని ఇంకొకామె. రహంతు గట్టిగా ఊపిరి వదిలాడు.  అయినా మౌలాలి వైరు కదిలించలేదు. "అడుగంటిపోయింది గదా, లేవడానికి కాస్త పడతాది" అన్నాడు. ఆ మాట మాత్రం అతనికి నిజంగా తెలుసు.

కాసేపటికి అద్దం మీద చిన్న బ్యాటరీ బొమ్మ వెలిగింది.

ఖైరూన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

మౌలాలి ఒక చేత్తో వైరు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. వేడెక్కుతోందేమోనని మధ్యమధ్య చెంపకు ఆనించి చూశాడు. కాస్త ఎక్కాక ఫోను ఆన్ చేశాడు. అది లేచి, నెట్టు అందుకుని, టకటకా మోగడం మొదలుపెట్టింది. అన్నీ జైనబీ నుంచే. ఆమెకు రాయడం రాదు. మాటలే రికార్డు చేసి పంపింది.

ఖైరూన్ ఒక్కొక్కటే నొక్కింది. వీధంతా విన్నది.

"ఖైరూ, టికెట్టు ఇచ్చినారే."

"ఫోనెత్తు ఖైరూ."

"గురువారం పొద్దున బెంగుళూరులో దిగుతానంట. రహంతును తీసుకుని రా. నాకు దారి తెలీదు."

చివరిది ఆ పొద్దున పంపింది. గొంతు మారిపోయింది. "నీకేమన్నా అయిందా తల్లీ? ఈ రాత్రికి బయల్దేరుతాండా. మీరు రాకుంటే అక్కడే కూచుంటా. ఎంతసేపైనా కూచుంటా."

ఖైరూన్ ఏడుపు ఆపుకుని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "అక్కా, నేను బాగుండా. వస్తాండాం. ఎక్కడికీ పోవద్దు" అని పంపింది. తర్వాత తల ఎత్తకుండానే, "రేపే గురువారం" అంది.

రహంతు అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. "సాయంత్రం బస్సుంది."

"నేనూ వస్తా" అన్నాడు మౌలాలి.

రహంతు ఏదో అనబోయాడు. ఖైరూన్ అంది, "రానీ. సామాన్లు ఉంటాయి."

మర్నాడు పొద్దున విమానాశ్రయం అద్దాల తలుపుల్లోంచి జైనబీ చక్రాల కుర్చీలో బయటికి వచ్చింది. జుట్టు నెరిసింది. ఒళ్లో సంచి గట్టిగా పట్టుకుని ఉంది. జనంలో వెతుకుతున్న ఆమె కళ్లు ఖైరూన్ మీద ఆగాయి. ఖైరూన్ పరిగెత్తి ఆమె ఒళ్లో తల పెట్టేసింది. అక్క చెల్లెలి వీపు నిమురుతూ, "చిక్కిపోయినావే" అంది. అదే మాట మూడుసార్లు అంది.

చాలాసేపటి తర్వాత, ఫోను ఎందుకు ఎత్తలేదో ఖైరూన్ చెప్పింది. జైనబీ మౌలాలి వైపు తిరిగింది.

"వైరు పెట్టొద్దని చెప్పింది నువ్వేనా?"

"నేనే అక్కా."

"పెట్టమని వచ్చి చెప్పింది?"

"అదీ నేనే."

జైనబీ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "అయితే పెట్టె ఎత్తు. బరువుగా ఉంటాది, జాగ్రత్త."

ఆ పెట్టెను మౌలాలి బస్సు దాకా, బస్సు దిగాక ఇంటి దాకా మోశాడు. రహంతు చేయి వెయ్యబోతే ఇవ్వలేదు.

సాయంత్రం ఆస్తానాకు వచ్చేసరికి పంచ కింద జనం ఉన్నారు. మౌలాలి గుండె గట్టి చేసుకుని లోపలికి నడిచాడు. ఇక తనను ఎవరూ ఏమీ అడగరనుకున్నాడు. ముందుగా ఎదురొచ్చినాయన కిందటి శుక్రవారం ఫోను భయంగా జేబులో పెట్టుకున్నాయనే. జేబులోంచి చుట్టచుట్టిన వైరు తీశాడు.

"మౌలాలీ, ఇది బాగుండాదా చూడు. నువ్వు చూసినావంటే నాకు ధైర్యం."

అతని వెనక ఇంకొకాయన. ఆ వెనక ఒకావిడ, కొంగులో రెండు వైర్లు మూటగట్టుకుని. మౌలాలి పంచ అంచున కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేళ్ల మధ్య నడిపించి చూశాడు. చిట్లినవి పక్కన పడేశాడు. బాగున్నవి తిరిగి ఇచ్చాడు. "దిండు కింద పెట్టొద్దు. వేడెక్కితే తీసేయ్" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. ఒక వైరు చూసి మాత్రం, "దీని సంగతి నాకు అంతుపట్టలేదు. కనుక్కుని చెప్తా" అన్నాడు. ఆ వైరు తెచ్చినామె, "నిదానంగా చెప్పు నాయనా" అని అక్కడే వదిలి వెళ్లింది.

తాత గది గుమ్మంలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఇదంతా చూశాడు. జనం పోయాక పీరమ్మ మౌలాలికి అన్నం పెట్టింది. అతను తింటుంటే తాత అన్నాడు, "రేపు శుక్రవారం. నాకు గొంతు పోయింది. వచ్చినవాళ్లతో నువ్వు మాట్లాడు."

మౌలాలి చేతిలో ముద్ద ఆగిపోయింది. "నేనా తాతా? నాకేం తెలుసు?"

తాత లేచి పడుకోవడానికి వెళ్లాడు.

శుక్రవారం నమాజు అయ్యాక పంచ నిండింది. తాత వెనక గోడకు ఆనుకుని జనంలో ఒకడిగా కూర్చున్నాడు. ముందు మౌలాలి.

మొదట లేచింది బడేసాబ్ అనే ముసలాయన. కొండ అవతల పల్లె ఆయనది. భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. కర్ర ఆనించుకుని నిలబడి అడిగాడు.

"నాయనా, రోజూ ఆమె సమాధి కాడికి పోయి మాట్లాడి వస్తాండా. నిన్న ఏం తిన్నా, బర్రె ఎన్ని పాలిచ్చింది, అన్నీ చెప్తాండా. ఆమెకు ఇనపడతాదా?"

 మౌలాలికి చాలా మాటలు గుర్తొచ్చాయి. అక్కడా ఇక్కడా విన్నవి, చెబితే జనం తలలూపేవి. అతను వాటిని పోనిచ్చాడు.

"నాకు తెలీదు పెద్దాయనా" అన్నాడు.

 బడేసాబ్ నెమ్మదిగా తలూపాడు. "నాకూ తెలీదు. అందుకే అడిగినా."

"ఈరోజు పోయినారా?"

"ఇంకా లేదు. ఇక్కడినుంచి పోవాల."

మౌలాలి లేచి చెప్పులు వేసుకున్నాడు. "నేనూ వస్తా. పోదాం పాండి."

ముసలాయన కర్ర ఒక చేతిలోకి మార్చుకుని, ఇంకో చేయి మౌలాలి భుజం మీద వేశాడు. ఇద్దరూ ఎండలోకి దిగి, కొండ పక్క బాట పట్టారు. జనం తలలు తిప్పి వాళ్లు కనుమరుగయ్యేదాకా చూశారు. ఆ తర్వాత, ఇప్పుడు ఎవరు మాట్లాడతారన్నట్టు తాత వైపు తిరిగారు.

తాత గోడ పట్టుకుని లేచాడు. పోయిన గొంతుతోనే అన్నాడు.

"ఈరోజుకు అయిపోయింది. అన్నానికి లేవండి."